పిల్లలు ఉద్యోగం వెతుక్కుంటుంటే తల్లిదండ్రులు ఎలా సాయపడాలి

చదువు అయిపోయిన కొడుకో కూతురో ఉద్యోగం వెతుక్కుంటుంటే ఇంట్లో ఎవరికీ మనసు కుదురుగా ఉండదు. ఫోన్ మోగితే అందరి చెవులూ అటే. గది తలుపు వేసుకుని మాట్లాడుతుంటే ఇంటర్వ్యూనేమో అని ఆశ. మనకు చేతనైంది చేద్దామని ఒక పక్క ఆత్రం, చేస్తే ఏమంటారో అని ఇంకో పక్క జంకు. ఈ రెండింటి మధ్య నేను చాలా నెలలు నలిగాను, మొదట్లో సాయం పేరుతో నష్టమే చేశాను.

మా అబ్బాయి అప్పటికి నాలుగు నెలలుగా వెతుకుతున్నాడు. నాకు తెలిసిన ఒకాయన ఒక సంస్థలో మంచి హోదాలో ఉన్నారు. వాడి పాత రెజ్యూమే నా ఫోన్‌లో ఉంటే, వాడికి చెప్పకుండా ఆయనకు పంపేశాను. వారం తర్వాత అక్కడి నుంచి వాడికి ఫోన్ వచ్చింది. ఏ పోస్టు గురించి అడుగుతున్నారో వాడికి తెలియదు, తడబడ్డాడు. పైగా అదే సంస్థలో ఇంకో విభాగానికి వాడు అంతకు ముందే కొత్త రెజ్యూమేతో దరఖాస్తు పెట్టుకుని ఉన్నాడు. రెండింటిలో తేదీలు కలవలేదు. రెండు అవకాశాలూ పోయాయి. ఆ రాత్రి వాడు కోప్పడలేదు. "అమ్మా, ఒక్క మాట అడిగుంటే బాగుండేది" అన్నాడు. నేను నేర్చుకున్నదంతా ఆ మాటతోనే మొదలైంది. ఉద్యోగ వేట వాళ్లది. మన సాయం వాళ్ల చేతుల మీదుగానే జరగాలి. అది ఎలాగో కింద వరసగా చెబుతాను.

ముందుగా ఏం కావాలో అడగండి

"నేనేమైనా చేయనా?" అని అడిగితే "ఏం వద్దు" అనే జవాబే వస్తుంది. అలా అడిగితే మీ కంగారే వాళ్లకు వినిపిస్తుంది. దానికి బదులు చేయగల పనులు పేరుపెట్టి చెప్పండి. "రెజ్యూమేలో తప్పులు చూడమంటావా, ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయిద్దామా, నాకు తెలిసినవాళ్లలో ఎవరితోనైనా మాట్లాడతావా, లేక ఇవేవీ వద్దు, నువ్వు చెప్పేది వింటే చాలా?" ఇలా అడిగితే వాళ్లకు ఎంచుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇవాళ వద్దన్నది వచ్చే నెల కావాలనవచ్చు, అప్పుడు చేయండి.

ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఈ సంభాషణకు ముందే మీరిద్దరూ ఒక మాట మీదికి రండి. ఒకరు "తొందరేం లేదు" అంటూ, మరొకరు "ఏదో ఒకదాంట్లో చేరిపో" అంటుంటే మధ్యలో నలిగేది పిల్లలే.

రోజూ అడగడం మానేసి వారానికో రోజు పెట్టుకోండి

"ఏమైంది? ఏమైనా కబురొచ్చిందా?" అని మనం రోజుకోసారే అడిగామనుకుంటాం. ఉదయం ఒకరు, సాయంత్రం ఇంకొకరు, ఫోన్‌లో పిన్నో మామయ్యో. వాళ్ల లెక్కలో అది నాలుగుసార్లు. ప్రతిసారీ "ఇంకా లేదు" అని చెప్పాల్సి వస్తుంది. మంచి కబురుంటే అడగకుండానే చెబుతారు కదా.

వారంలో ఒక రోజు, ఒక సమయం ఇద్దరూ కలిసి అనుకోండి. అరగంట మించకూడదు. ఈ వారం ఎన్ని దరఖాస్తులు పెట్టారు, దేనికి జవాబొచ్చింది, వచ్చే వారం ఏం చేయబోతున్నారు, నా నుంచి ఏమైనా కావాలా, అంతే. మిగతా ఆరు రోజులూ ఆ ఊసెత్తకండి. మొదటి వారం కష్టంగా ఉంటుంది. నేనైతే నోటిదాకా వచ్చిన ప్రశ్నల్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకునేదాన్ని. ఆదివారం నాటికి వాటిలో సగం అడగక్కర్లేనివేనని తేలేది.

చుట్టాలు అడిగినప్పుడు ఏం చెప్పాలో కూడా పిల్లల్నే అడిగి తెలుసుకోండి. "వెతుకుతున్నాడు, కుదరగానే చెబుతాం" అని ఇంట్లో అందరూ ఒకే మాట చెబితే చాలు. ఏ కంపెనీ, ఎన్ని రౌండ్లు అయ్యాయి అనేవి వాళ్ల సొంత విషయాలు.

రెజ్యూమే దిద్దండి, రాయకండి

మనం ఉద్యోగాలు వెతుక్కున్న నాటికీ ఇప్పటికీ రెజ్యూమే చాలా మారింది. కొత్తగా చదువు ముగించినవాళ్లకు ఒక పేజీ సరిపోతుంది. చాలా పెద్ద సంస్థల్లో దరఖాస్తు మొదట సాఫ్ట్‌వేర్‌లోకి వెళుతుంది. అందంగా ఉంటుందని వేసిన పట్టికలు, పేజీని చీల్చే రెండు నిలువు వరుసలు, బొమ్మలు అందులో సరిగా చదవబడక ముఖ్యమైన సంగతే జారిపోవచ్చు. ప్రకటనలో ఏ నైపుణ్యం ఏ పేరుతో అడిగారో, మనకు నిజంగా ఉంటే దాన్ని అదే పేరుతో రాయాలి. అందుకే ప్రతి ఉద్యోగానికీ రెజ్యూమేని కొంచెం మార్చుకోవాల్సి వస్తుంది. ఇవి పిల్లలకు మనకంటే బాగానే తెలుసు. కాబట్టి మన కాలపు నమూనా తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టకండి.

మనం బాగా చేయగలిగింది వేరే ఉంది. రెజ్యూమే ప్రింట్ తీసి పెన్సిల్‌తో కూర్చోండి. ఫోన్ నంబరు ఒక్కో అంకె సరిచూడండి. ఇమెయిల్ పేరు హుందాగా ఉందా? తేదీల మధ్య ఖాళీలున్నాయా? ఉంటే ఇంటర్వ్యూలో అడుగుతారు, జవాబు ఆలోచించుకోమని చెప్పండి. అక్షర దోషాలకు గుర్తు పెట్టండి. కంప్యూటర్ ముందు మాత్రం మీరు కూర్చోకండి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే పనికొస్తుంది. ఆ రంగం తెలియని మనిషిగా ప్రశ్నలు వేయండి. మా అబ్బాయి ఒక వాక్యం రాశాడు, "డేటా శుద్ధి ప్రాజెక్టులో పాల్గొన్నాను" అని. నాకు అర్థం కాలేదు. "అంటే నువ్వేం చేశావురా?" అన్నాను. "ఒకే కస్టమర్ పేరు జాబితాలో రెండు మూడు చోట్ల ఉండేది, అవన్నీ పట్టుకుని కలిపాను." "ఎన్ని పేర్లు?" "నాలుగు వేల దాకా." "చేత్తోనా?" "కాదు, చిన్న ప్రోగ్రాం రాశాను. వారం పట్టే పని ఒక పూటలో అయింది." నేను పెన్సిల్ కింద పెట్టేశాను. వాడే లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఆ వాక్యం మార్చాడు. పాల్గొన్నాను అన్న చోట నాలుగు వేల రికార్డులు, తను రాసిన ప్రోగ్రాం, మిగిలిన సమయం వచ్చాయి. నేను ఒక్క ముక్క కూడా రాయలేదు.

మీ పరిచయాలను ఎలా వాడాలి

తల్లిదండ్రులు నిజంగా బలం ఇవ్వగల చోటు ఇదే. చెయ్యి జారేదీ ఇక్కడే.

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ శివారులో ఉద్యోగం మారిన వాళ్లను అడిగి, 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవనివాళ్లు 27.8 శాతం. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన, ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్‌డిన్‌లో ఐదేళ్ల పాటు, 2 కోట్ల మందికి పైగా వాడుకర్లతో జరిగిన ప్రయోగాలను విశ్లేషించింది. అందులోనూ ఉద్యోగం మారడానికి బాగా ఉపయోగపడింది మరీ దగ్గరివాళ్లు కాదు, ఒక మోస్తరు పరిచయస్థులే అని తేలింది. కారణం సులువే. మనకు బాగా దగ్గరివాళ్లకు తెలిసింది చాలావరకు మనకూ తెలుసు. కొత్త కబురు రావాలంటే అది వేరే గుంపులో తిరిగే మనిషి దగ్గర నుంచే రావాలి.

ఇరవై రెండేళ్ల పిల్లలకు ఉండే పరిచయాలు ఎక్కువగా వాళ్ల ఈడువాళ్లే, వాళ్లూ ఉద్యోగం వెతుక్కుంటూనే ఉంటారు. మనకు మాత్రం ఏళ్ల తరబడి పోగైన దూరపు పరిచయాలు ఉంటాయి. పాత ఆఫీసులో పక్క విభాగంలో పనిచేసినవాళ్లు, కలిసి చదువుకుని ఇప్పుడు పండక్కి మెసేజ్ పెట్టుకునేవాళ్లు, పిల్లల బడి దగ్గర మాట కలిసిన తల్లిదండ్రులు. ఒక కాగితం తీసుకుని పేర్లు రాయండి. ఒక్కో పేరు ఎదురుగా వాళ్లు చేసే పని రాయండి. ఇరవై పేర్లు రాసేసరికి మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఆ కాగితం పిల్లల చేతికివ్వండి. ఎవరితో మాట్లాడాలో వాళ్లే గుర్తు పెడతారు. గుర్తు పెట్టని పేర్ల జోలికి వెళ్లకండి. "ఈయన చాలా పెద్దవాడురా, ఈయన్ని వదిలేశావేంటి" అనాలనిపిస్తుంది. ఒక్కసారి చెప్పి ఊరుకోండి.

తర్వాత పరిచయం చేయండి, ఉద్యోగం అడగకండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఉద్యోగం అడిగితే అవతలివాళ్లు ఇరుకున పడతారు, ఇప్పించే అధికారం వాళ్లకు లేకపోవచ్చు కూడా. పావుగంట మాట్లాడమంటే ఎక్కువమంది సంతోషంగా ఒప్పుకుంటారు. నేను పంపే మెసేజ్ ఇలా ఉండేది:

"నమస్తే అండీ. మా అబ్బాయి మీ రంగంలోకి రావాలనుకుంటున్నాడు. అక్కడ పని ఎలా ఉంటుందో, కొత్తవాళ్లు ఏం నేర్చుకుని రావాలో ఒక పావుగంట చెప్పగలరా? ఉద్యోగం కోసం కాదండీ. మీరు సరేనంటే వాడే మీకు మెసేజ్ పెడతాడు. వీలు కాకపోతే ఏమీ అనుకోను."

వాళ్లు సరేనన్నాక నంబరు పిల్లలకిచ్చి పక్కకు తప్పుకోండి. సమయం అడగడం, మాట్లాడటం, కృతజ్ఞతలు చెప్పడం అన్నీ వాళ్లే చేయాలి. మాట్లాడాక "ఏమన్నాడు?" అని ఆ పరిచయస్థులకు ఫోన్ చేయకండి. ఆదివారం దాకా ఆగితే పిల్లలే చెబుతారు. వాళ్లు మెసేజ్ పెట్టడం మరచిపోతే ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ పెట్టకపోతే మీరే ఆ పెద్దమనిషికి క్షమాపణ చెప్పి అక్కడితో ఆపేయండి.

ఇంటర్వ్యూ ప్రాక్టీస్

ఎదురెదురుగా కూర్చోండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. ముందు "మీ గురించి చెప్పండి" అని అడగండి, మీరు అని పిలుస్తూనే. ఇంట్లో కొత్తగా అనిపించినా అసలు రోజున ఆ బెరుకు ఉండదు. తర్వాత "మీ టీంలో గొడవ వచ్చినప్పుడు ఏం చేశారు?", "మీరు చేసిన ఒక తప్పు చెప్పండి" లాంటివి. ఇలాంటి ప్రశ్నలకు జవాబు నాలుగు ముక్కల్లో ఉంటే బాగుంటుంది: పరిస్థితి ఏంటి, అందులో నా బాధ్యత ఏంటి, నేనేం చేశాను, చివరికి ఏం జరిగింది. మూడో ముక్కకే ఎక్కువ సమయం ఇవ్వాలి, ఎందుకంటే అవతలివాళ్లు వినాలనుకునేది అదే.

మా అబ్బాయి మొదటి జవాబు నాలుగు నిమిషాలు నడిచింది. అందులో మూడు నిమిషాలు పరిస్థితి వర్ణించడానికే సరిపోయాయి. కాళ్లు ఊపుతున్నాడు, నా కళ్లలోకి చూడటం లేదు, "అంటే, అంటే" అని ప్రతి వాక్యానికీ అంటున్నాడు. అన్నీ చెప్పేయాలనిపించింది. స్టాప్‌వాచ్ ఒక్కటే వాడివైపు తిప్పి చూపించాను. రెండోసారి రెండు నిమిషాల్లో ముగించాడు. కళ్లలోకి చూడటం దానంతట అదే వచ్చింది, చెప్పాల్సింది ఏంటో తెలిసేసరికి. ఒక్కో విడతకు ఒక్క సలహా చాలు.

అసలు ఇంటర్వ్యూ రోజున మీరు చేయాల్సింది తక్కువ. ఆన్‌లైన్ అయితే ఇల్లు నిశ్శబ్దంగా ఉండేలా చూడండి, ఆ గంట ఇంట్లో ఇంకెవరూ వీడియోలు చూడకుండా ఇంటర్నెట్ వదిలిపెట్టండి. నేరుగా వెళ్లాల్సి వస్తే దింపండి, లోపలికి మాత్రం వెళ్లకండి, రిసెప్షన్ దాకా కూడా. తిరిగొచ్చాక బట్టలు మార్చుకుని కాస్త తిననివ్వండి.

ఈ నాలుగూ ఎప్పుడూ చేయకండి

వాళ్ల పేరు మీద దరఖాస్తు పెట్టడం, వాళ్ల ఇమెయిల్ నుంచి జవాబివ్వడం, కంపెనీవాళ్లకు ఫోన్ చేయడం, జీతం గురించి వాళ్ల తరఫున మాట్లాడటం. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ప్రతి దశలోనూ చూసేది ఈ మనిషి తన పని తను చూసుకోగలడా అనే. తల్లి గొంతు వినబడితే ఆ ప్రశ్నకు జవాబు వాళ్లకు దొరికిపోతుంది, అది మనకు నచ్చే జవాబు కాదు. పిల్లలు బతిమాలినా చేయకండి. "నువ్వు మాట్లాడు, నేను పక్కన కూర్చుంటాను" అనండి.

మోసాల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి

నెలల తరబడి వెతికి అలసిపోయినవాళ్లే మోసగాళ్లకు సులువుగా దొరుకుతారు. అనుమానం రావాల్సిన గుర్తులు ఇవి: శిక్షణకో లాప్‌టాప్‌కో డిపాజిట్ కట్టమనడం, మనిషి ముఖం చూడకుండా చాట్‌లోనే ఇంటర్వ్యూ ముగించి ఆఫర్ ఇవ్వడం, సంస్థ పేరు పెద్దదే అయినా మెయిల్ మామూలు ఉచిత ఇమెయిల్ నుంచి రావడం, మీ ఖాతాలో డబ్బు వేసి కొంత వెనక్కి పంపమనడం, ఓటీపీ అడగడం, "ఈ రోజే తేల్చండి" అని తొందరపెట్టడం. సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కోమని చెప్పండి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. డబ్బు కట్టేముందు తప్పకుండా నాకు చెప్పు అని ముందే మాట తీసుకోండి. ఇప్పటికే మోసపోయి ఉంటే తిట్టకండి. బ్యాంకుకు, పోలీసులకు వెంటనే చెప్పాలి. తిడతారన్న భయంతో దాచిపెడితే ఆ సమయమే చేజారిపోతుంది.

నెలలు గడిచిపోతుంటే

ఆస్ట్రియాలో మారియెంథాల్ అనే పల్లెలో ఊరికంతటికీ ఆధారమైన మిల్లు మూతపడింది. మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ త్సైజెల్ అనే పరిశోధకులు అక్కడి జీవితాన్ని పరిశీలించి 1933లో ప్రచురించారు. చేతినిండా ఖాళీ సమయం ఉన్నా ఊళ్లో లైబ్రరీ పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. మగవాళ్ల నడక నెమ్మదించింది, దారిలో మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు. పనిలేని మనిషికి డబ్బుతో పాటు రోజుకు ఉండే ఆకారం కూడా పోతుందని ఆ ఊరు చూపించింది. మీ అమ్మాయి మధ్యాహ్నం దాకా లేవడం లేదంటే అది బద్ధకం కాకపోవచ్చు. పొద్దున్న లేవడానికి కారణం లేకపోవడం కావచ్చు.

అందుకని తిట్టి లేపేకంటే రోజుకు ఆకారం ఇవ్వడానికి సాయపడండి. వాళ్లతో మాట్లాడి, పొద్దున్న రెండు మూడు గంటలు దరఖాస్తులకు, తర్వాత ఏదైనా నేర్చుకోవడానికి, సాయంత్రం బయటికి వెళ్లడానికి అని పెట్టుకోమనండి. రోజంతా వెతకమనకండి, ఎవరివల్లా కాదు. ఇంటి పనిలో ఒక భాగం పూర్తిగా వాళ్లకు అప్పజెప్పండి. ఖాళీగా ఉన్నావు కదా అని కాదు, ఇంట్లో నువ్వూ ఒక మనిషివి అని.

డబ్బు గురించి ఒకసారి సూటిగా మాట్లాడుకోండి. నెలకు ఎంత ఇవ్వగలరు, ఎన్నాళ్లు ఇవ్వగలరు, ఆ తర్వాత ఏం చేద్దాం, అప్పటికి ఏదైనా చిన్న ఉద్యోగం పట్టుకుని వెతుకులాట కొనసాగిద్దామా. ఆ మొత్తం నెల మొదట్లో ఒకేసారి ఇచ్చేయండి. ప్రతి వందకూ చెయ్యి చాచాల్సి వస్తే మనిషి లోపల చిన్నబోతాడు.

కాదన్న మెయిల్ వచ్చిన రోజు "ఇంకోటి వస్తుందిలే" అనేయడం మన అలవాటు. వాళ్లకు ఆ పూట కావాల్సింది అది కాదు. 1994లో స్పెరా, బుర్‌ఫైండ్, పెన్నెబేకర్ అనే పరిశోధకులు ఉద్యోగం పోయిన 63 మందితో ఒక ప్రయోగం చేశారు. ఉద్యోగం పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాసుకున్నవాళ్లకు, అలా రాయనివాళ్ల కంటే త్వరగా మళ్లీ ఉద్యోగాలు దొరికాయి. బాధను నోటితో చెప్పుకోవడం ఇష్టంలేని పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇవ్వండి. రాసింది మీరు చదవకండి. చెప్పుకునే పిల్లలైతే మధ్యలో అడ్డురాకుండా వినండి. పక్కింటి పిల్లల జీతం ఆ రోజే కాదు, ఏ రోజూ ఎత్తకండి.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, నావల్ల ఎవరికీ ఉపయోగం లేదనడం కనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బతకాలని లేదన్న మాట వినబడితే ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఉద్యోగం తర్వాత చూసుకోవచ్చు.

ఆఫర్ వచ్చాక

సంతోషంలో మనం కాగితం సరిగా చదవం. పక్కన కూర్చుని చదవండి. ఏడాది మొత్తం ఎంత అన్నది వేరు, నెలనెలా చేతికొచ్చేది వేరు. పనితీరును బట్టి ఇస్తామన్న భాగం ఎంత? ప్రొబేషన్ ఎన్నాళ్లు, నోటీసు ఎన్నాళ్లు? మధ్యలో మానేస్తే ఏమైనా కట్టాలా? అర్థం కానివి రాసుకుని కంపెనీని వాళ్లనే అడగమనండి. నోటిమాటగా ఉద్యోగం ఇచ్చామన్నంత మాత్రాన మిగతా ఇంటర్వ్యూలు మానుకోవద్దని, కాగితం చేతికొచ్చేదాకా ఆగమని చెప్పండి. రెండు ఆఫర్లుంటే మీకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో ఒకసారి చెప్పండి. వాళ్లు రెండోది ఎంచుకుంటే దానికే సిద్ధం కండి.

దారిలో సాయపడిన వాళ్లందరికీ, ఆ సాయం ఫలించకపోయినా సరే, పిల్లల చేతే కృతజ్ఞతలు పంపించండి. పరిచయాలు మీవి కాబట్టి మీరూ విడిగా ఒక ఫోన్ చేయండి. పిల్లల కోసం మీ ఫోన్‌లో పెట్టుకున్న జాబ్ అలర్ట్‌లు ఉంటే అన్నీ తీసేయండి. నేను నా ఫోన్‌లో తీసేసేటప్పుడు మా అబ్బాయి చూసి, పక్కన కూర్చుని అవి ఎక్కడెక్కడ ఉంటాయో ఒక్కొక్కటీ చూపించాడు.